పత్తిచేనులో అల్లిక రెక్కల పురుగు: ఆవాసం, వేట, పేరు

వ్యాససంగ్రహం:
పంటను పాడుచేసే పురుగులకు తెలుగులో పేర్లు ఎన్నో ఉన్నాయి. ఆ పురుగులను తిని బతికే పురుగులకు ఉన్న పేర్లు తక్కువ. ‘అల్లిక రెక్కల పురుగు’ ఆ తక్కువవాటిలో ఒకటి. అయితే ఆ పేరు వేటాడని దశను చూసి పెట్టినది. వేటాడే దశకు వాడుకలో నిలిచిన పేరు లేదు. పైగా అది శత్రువులా కనిపిస్తుంది. ఆసిఫాబాద్ ప్రాంతపు వర్షాధార పత్తిసాగు నేపథ్యంలో ఈ కీటకం ఎక్కడ ఉంటుంది, ఎలా వేటాడుతుంది, చేనులో ఎందుకు నిలవలేకపోతుంది అనే విషయాలను వివరిస్తూ, వ్యవసాయ పదజాలంలో దాని స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అల్లిక రెక్కల పురుగు, క్రైసోపెర్లా, మిత్ర పురుగులు, పేనుబంక, పత్తి, ఆసిఫాబాద్, వ్యవసాయ పదజాలం.

1. ప్రవేశిక

తెలుగులో ‘పురుగు’ చాలా విస్తృతమైన అర్థం గల మాట. రెక్కలున్నవి, లేనివి, ఆరు కాళ్ళవి, ఎనిమిది కాళ్ళవి, అసలు కాళ్ళే లేనివి అన్నీ పురుగులే. రాత్రివేళ పామును పేరుపెట్టి పిలవడానికి జంకి ‘పురుగు’ అనే వాడుక పల్లెల్లో ఉంది. ‘పురుగూ పుట్రా’ అనే జంటపదం ఆ భయాన్నే మోస్తుంది. ‘పురుగును చూసినట్టు చూడడం’ అంటే ఈసడించుకోవడం. కాస్త మెచ్చుకోలుగా వినిపించేది ‘పుస్తకాల పురుగు’ ఒక్కటే. అందులోనూ సగం ఎగతాళే.

వ్యవసాయంలోకి వచ్చేసరికి ఈ మాట మరింత బిగుసుకుపోయింది. ‘చేనుకు పురుగు పట్టింది’ అంటే ఏ పురుగు అని అడగకముందే నష్టం అర్థమవుతుంది. దానికి విరుగుడు ‘పురుగుల మందు’. తలనొప్పి మందు తలనొప్పిని పోగొట్టినట్టే పురుగుల మందు పురుగులను పోగొడుతుంది. ఏ పురుగులను అన్నది ఆ సమాసంలో లేదు. ‘మందు’ అనడంతో ఔషధమనే స్ఫురణ ముందుకు వచ్చి, చేతిలో ఉన్నది విషమన్న సంగతి వెనక్కి పోతుంది. 1997-98లో లద్దె పురుగు విజృంభించి పత్తి దెబ్బతిన్నప్పుడు వరంగల్ జిల్లా రైతుల ఆత్మహత్యల వార్తలలో ఈ సమాసమే పదేపదే అచ్చయింది. అక్కడ దానికి మందు అన్న అర్థం ఎంతమాత్రం మిగలలేదు.

తెలుగులో వృత్తిపదాల సేకరణ వ్యవసాయంతోనే మొదలైంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం (1962) వ్యవసాయానికి చెందినదే. హానిచేసే పురుగుల పేర్లను పరిశీలిస్తే రైతు చూపు ఎంత నిశితమైనదో తెలుస్తుంది. ‘పేనుబంక’ అన్న ఒక్క మాటలో రెండు పరిశీలనలున్నాయి: పేనులా గుంపుగా అంటిపెట్టుకొని రసం పీల్చడం ఒకటి, ఆకుమీద జిగురు బంక వదలడం మరొకటి. ‘పిండినల్లి’ ఒంటిమీద పిండి చల్లినట్టుంటుంది. ‘పచ్చదోమ’, ‘తెల్లదోమ’, ‘గులాబీరంగు పురుగు’, ‘గొంగళి పురుగు’ అన్నీ కంటితో చూసి పెట్టిన పేర్లు. మేలుచేసే వాటిలో ఎర్రని వీపుమీద నల్లచుక్కలు గలది ‘అక్షింతల పురుగు’ అయింది. పెళ్ళిపందిరి నుంచి వచ్చిన ఆ పేరులోనే శుభం ఉంది.

‘అల్లిక రెక్కల పురుగు’ పుట్టుక వేరు. అది వ్యవసాయ శాస్త్ర రచనల ద్వారా వ్యాప్తిలోకి వచ్చిన మాట. ఇంగ్లీషులోని ‘లేస్‌వింగ్’కు తెలుగు చేత. అనువాదంగా అది చక్కనిదే. నరసాపురం లేసు అల్లికలు చూసినవారికి ఈ కీటకం రెక్కల మీది సన్నని ఈనెల వల వెంటనే కళ్ళకు కడుతుంది. చిక్కు పేరు అందంలో లేదు, ఆ పేరు దేన్ని చూపుతుందన్న దానిలో ఉంది.

2. ఆసిఫాబాద్ పత్తిచేను

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా 2016 అక్టోబర్ 11న పూర్వపు ఆదిలాబాద్ జిల్లా నుంచి ఏర్పడింది. తిర్యాణి, కెరమెరి, జైనూర్, లింగాపూర్ మండలాల గుట్టల మీద గోండులు, కొలాములు, పర్ధానులు, తోటీలు నివసిస్తారు. పెద్దవాగు, ప్రాణహిత తీరాల మైదాన గ్రామాలలో తెలుగు, మరాఠీ మాట్లాడే రైతులు ఎక్కువ. క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లలో ఇక్కడి గోండుల జీవనాన్ని పరిశీలించినప్పుడు వారి ప్రధాన ఆహారపంట జొన్న. నేడు వానాకాలంలో జిల్లా నేలను అత్యధికంగా ఆక్రమించేది పత్తి. మృగశిర వానలకు విత్తి, చలికాలం పొడవునా ఏరుతారు. సాళ్ళ మధ్య అక్కడక్కడ కంది వేసే అలవాటు మాత్రం చాలా చోట్ల మిగిలే ఉంది.

2002లో బీటీ పత్తికి దేశంలో అనుమతి లభించిన తరువాత కాయతొలుచు పురుగులకు కొట్టే మందులు మొదట్లో తగ్గాయి. ఆ తరువాత పేనుబంక, పచ్చదోమ, తామర పురుగులు, తెల్లదోమ వంటి రసం పీల్చే పురుగులు పైకి వచ్చాయి. బీటీ విషం వీటిని తాకదు. ఆపైన గులాబీరంగు పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం నేర్చింది. మందు డబ్బా మళ్ళీ రైతు వీపు మీదికి చేరింది. రసం పీల్చే ఈ మెత్తని పురుగులే అల్లిక రెక్కల పురుగుకు ప్రధానాహారం కావడంవల్ల ఆసిఫాబాద్ చేలకు దీని అవసరం మునుపటికంటే ఇప్పుడు ఎక్కువ.

3. ఆవాసం

అల్లిక రెక్కల పురుగులు ‘న్యూరోప్టెరా’ వర్గంలో ‘క్రైసోపిడే’ కుటుంబానికి చెందుతాయి. గ్రీకులో ‘క్రైసోస్’ అంటే బంగారం, ‘ఆప్స్’ అంటే కన్ను. పెద్ద పురుగుకు లేతాకుపచ్చ ఒళ్ళు, ఒంటిని దాటిపోయే పారదర్శకమైన రెక్కలు, బంగారంలా మెరిసే కళ్ళు ఉంటాయి. పగలు ఆకు అడుగున కదలక కూర్చుంటుంది. ఆకు రంగులో కలిసిపోవడంవల్ల వెతికేవారికి కూడా సులభంగా కనిపించదు. మునిమాపు దాటాక ఎగురుతుంది, ఇంటి దీపం దగ్గరకు వస్తుంది. ఎగిరేటప్పుడు తడబడుతున్నట్టుండే ఈ అల్పప్రాణికి ఒక రక్షణ ఉంది. ముందు రెక్కల ఈనెలో ఉండే వినికిడి అవయవంతో గబ్బిలాల అతిధ్వనులను పసిగట్టి, రెక్కలు ముడిచి నేలకు జారిపోతుంది.

భారతదేశపు పంటచేలలో ప్రధానంగా కనిపించే క్రైసోపెర్లా జాతిలో పెద్ద పురుగు వేటగాడు కాదు. పూల తేనె, పుప్పొడి, పేనుబంక వదిలే తీపి బంక దాని ఆహారం. అందువల్ల ఈ కీటకానికి ఆవాసం అంటే ఒకటి కాదు, రెండు: పిల్లలకు మాంసం దొరికే చోటు, పెద్దలకు తేనె దొరికే చోటు. రెండూ ఎగరగలిగినంత దూరంలో ఉండాలి. పత్తిమొక్క ఈ రెండింటినీ ఒకేచోట ఇస్తుంది. పత్తి ఆకు అడుగున నడిమి ఈనె మీద తేనెను స్రవించే చిన్న గుంటలాంటి గ్రంథి ఉంటుంది. పూత రాకముందే అక్కడ తీపి ఊరుతుంది. పత్తి ఆకులు విడిచే కారియోఫిల్లీన్ అనే పరిమళ ద్రవ్యం, పేనుబంక తీపిలోని ట్రిప్టోఫాన్ విచ్ఛిత్తి చెందగా పుట్టే వాసనలు పెద్ద పురుగులను దూరం నుంచి రప్పిస్తాయి. తన మీద వాలిన శత్రువు సంగతిని మొక్క వాసనతో చాటింపు వేస్తున్నదనుకోవచ్చు.

పత్తి లేని నెలలు దీనికి గడ్డుకాలం. మోళ్ళు పీకేసిన తరువాత జూన్ దాకా చేను ఖాళీ. అప్పుడు అది గట్లమీది కలుపుమొక్కలు, కూరగాయల మళ్ళు, తోటలు, యాసంగి పైర్లను ఆశ్రయించక తప్పదు. కుసుమపైరుకు, అలసందకు, జొన్నకు వాటివాటి పేనుబంకలున్నాయి. పత్తిని ఆశించని ఆ పేనుబంకలు కూడా అల్లిక రెక్కల పురుగును పోషించి, వానాకాలపు పత్తికి అప్పగిస్తాయి. పత్తిలో అలసందను అంతరపంటగా వేయాలని చెప్పడంలోని మర్మం ఇదే. అలసంద మీద వాలిన పేనుబంక మిత్ర పురుగులకు మేతభూమి. జొన్న, పప్పుధాన్యాలు, నూనెగింజలు కలిసి పండిన పాత సాగులో ఈ ఏర్పాటు ఎవరూ తలపెట్టకుండానే జరిగిపోయేది. గట్టు మీది గడ్డిని కూడా మందుతో మాడ్చే ఈనాటి సాగులో అది తెగిపోతుంది.

4. నూలుపోగు చివరి గుడ్డు

ఈ కీటకాన్ని గుర్తించడానికి సులభమైన దశ గుడ్డు. ఆడపురుగు కడుపు చివరను ఆకుకు తాకించి ఒక జిగురు బొట్టు వదిలి, కడుపును పైకి లేపుతుంది. ఆ జిగురు పోగులా సాగి వెంటనే గట్టిపడుతుంది. దాని కొసన ఒక్క గుడ్డు నిలుస్తుంది. వెంట్రుకంత కాడ మీద ఆవగింజకంటే చిన్నదైన లేతాకుపచ్చ గుడ్డు గాలికి ఊగుతుంటుంది. చీమలు, ముందుగా పొదిగిన తోబుట్టువులు గుడ్డును తినేయకుండా ఈ కాడ కాపాడుతుంది. తోబుట్టువుల నుంచి రక్షణ ఎందుకంటే, ఈ పిల్లలకు పేనుబంకకూ తమ్ముడికీ తేడా తెలియదు.

తూర్పు ఆసియాలో ఈ గుడ్లకు ఒక వింత చరిత్ర ఉంది. వేల ఏళ్ళకు ఒకసారి పూస్తుందని బౌద్ధ సంప్రదాయం చెప్పే ఉదుంబర పుష్పంగా వీటిని అక్కడివారు భావించారు. జపాను భాషలో వీటిని నేటికీ ఉదుంబర పూలనే అర్థం గల ‘ఉదోంగె’ మాటతోనే పిలుస్తారు. బుద్ధ విగ్రహాల మీద ఇవి కనిపించినప్పుడు జనం దర్శనానికి వెళ్ళిన సందర్భాలున్నాయి. ఉదుంబరమంటే మన మేడి. పత్తి ఆకు మీద అదే గుడ్డును చూసినవారు బూజు అనుకోవచ్చు, ఏదో తెగులు అనుకోవచ్చు, శత్రుపురుగు గుడ్డు అనుకొని మందుకు బయలుదేరనూ వచ్చు. ఒకే వస్తువు ఒకచోట పువ్వు, మరొకచోట తెగులు.

5. వేట

వెచ్చని వాతావరణంలో మూడు నాలుగు రోజులకు గుడ్డు పగిలి పిల్ల పురుగు కాడ వెంట కిందికి దిగుతుంది. అది తల్లిని ఏ విధంగానూ పోలి ఉండదు. రెండు కొసలూ సన్నగిల్లిన కదురులాంటి ఒళ్ళు, మట్టి రంగు మీద గోధుమ చారలు, పక్కలకు పొడుచుకొచ్చిన రోమాలు, తల ముందు కొడవళ్ళ వంటి రెండు కోరలు. మొసలి పిల్లను గోరంతకు కుదించినట్టుంటుంది.

దీనికి దూరపు చూపు లేదు. తలను ఇటూ అటూ ఊపుతూ ఆకు మీద ఎడతెగక నడుస్తుంది, తగిలినదాన్ని పట్టుకుంటుంది. ఆహారం తగిలిన తరువాత నడక తీరు మారుతుంది: వేగం తగ్గి, మలుపులు ఎక్కువై, ఆ చుట్టుపక్కలే గాలిస్తుంది. పేనుబంక గుంపుగా ఉంటుంది కాబట్టి ఒకటి దొరికిన చోట ఇంకొకటి ఉండకపోదు. ఆకు నూగు ఎక్కువైతే ఈ నడక కుంటుపడుతుంది. ఇక్కడే పత్తి ప్రజననంలో ఒక చిక్కుముడి ఉంది. నూగు దట్టంగా ఉన్న రకాలను పచ్చదోమ అంతగా ఆశించదు. ఆ నూగే అప్పుడే పొదిగిన అల్లిక రెక్కల పిల్లను కూడా ఆపుతుంది.

కోరల నిర్మాణం విశేషమైనది. పైదవడ, కిందిదవడ ఒకదానికొకటి అతుక్కొని మధ్యలో సన్నని గొట్టం ఏర్పడుతుంది. కోర దిగగానే ఆ గొట్టం ద్వారా జీర్ణరసం ఎర లోపలికి వెళ్ళి మాంసాన్ని ద్రవంగా మారుస్తుంది. పురుగు దాన్ని పీల్చి ఖాళీ తోలును విడిచిపెడుతుంది. పేనుబంకతోపాటు పచ్చదోమ పిల్లలు, తామర పురుగులు, తెల్లదోమ పిల్లలు, పిండినల్లి, ఎర్రనల్లి, శనగపచ్చ పురుగు గుడ్లు, అప్పుడే పుట్టిన లద్దె పిల్లలు దీనికి ఆహారం. మూడు దశలుగా పెరిగే ఈ పిల్ల తన జీవితంలో వందలకొద్దీ పేనుబంకలను తింటుంది. అందులో అత్యధిక భాగం మూడవ దశలోనే. చేనులో చిన్న పిల్లలు కనిపించిన నాటికి అసలు పని ఇంకా మొదలు కాలేదన్నమాట. ఆ నాలుగైదు రోజులు ఓపిక పట్టడమే కష్టం. మరొక వింత: పిల్లదశలో దీని మధ్యపేగుకు, చివరిపేగుకు మధ్య దారి ఉండదు. జీవితమంతా కూడిన మలాన్ని పెద్ద పురుగుగా బయటికి వచ్చాకనే విసర్జిస్తుంది. ఎదిగిన పిల్ల మలద్వారం నుంచి పట్టు తీసి గుండ్రని తెల్లగూడు అల్లుకొని అందులో ప్యూపాగా మారుతుంది.

ఇదే కుటుంబంలోని మరికొన్ని జాతుల పిల్లలు తిన్న ఎరల తోళ్ళను, చెత్తను వీపుకెత్తుకొని తిరుగుతాయి. స్పెయిన్‌లో దొరికిన సుమారు 11 కోట్ల ఏళ్ళనాటి అంబరులో చెత్త మోస్తూ చిక్కుకుపోయిన పిల్ల ఒకటి 2012లో వెలుగులోకి వచ్చింది. అంటే ఈ అలవాటు రాక్షసబల్లుల కాలానిది. అమెరికాలో థామస్ ఐస్నర్ బృందం 1978లో ప్రకటించిన పరిశీలన ఇంకా ఆసక్తికరమైనది. ఆల్డర్ చెట్టు మీది ఒక పేనుబంక ఒంటినిండా తెల్లని మైనపు నూగు ఉంటుంది. తీపి బంక కోసం చీమలు ఆ మందకు కాపలా కాస్తాయి. క్రైసోపా స్లోసోనే పిల్ల ఆ నూగును పీకి తన వీపుకు అద్దుకొని, కాపలా చీమల ముందే మందను మేస్తుంది. నూగును తీసివేసిన పిల్లలను చీమలు గుర్తించి ఈడ్చిపారేశాయి. ‘గోముఖవ్యాఘ్రం’ అనే సమాసానికి కీటకలోకంలో ఇంతకంటే సరిపోయే ఉదాహరణ దొరకదు.

6. పాటను బట్టి పేరు

భారతీయ వ్యవసాయ గ్రంథాలలో దశాబ్దాలుగా ఈ కీటకం ‘క్రైసోపెర్లా కార్నియా’ అనే ఐరోపా జాతి పేరుతోనే నిలిచింది. అది సరికాదని 2010లో చార్లెస్ హెన్రీ, స్టీఫెన్ బ్రూక్స్ తదితరులు నిరూపించారు. మన చేలలో ఉన్నది ‘క్రైసోపెర్లా జాస్ట్రోవి సిల్లెమి’. రూపంలో తేడాలు స్వల్పం; తేడా పట్టించినది పాట. జతకట్టే ముందు ఆడ, మగ పురుగులు కడుపును అదరగొట్టి ఆకు ద్వారా ప్రకంపనలు పంపుకుంటాయి. ఒకదాని తరువాత ఒకటి వంతులవారీగా బదులిస్తాయి. లయ కలిస్తేనే జత కుదురుతుంది. గాలిలో వినిపించని ఈ యుగళగీతమే జాతిని జాతి నుంచి వేరుచేస్తుంది. రెండు మాటల మధ్య ఒక్క ధ్వని భేదంతో అర్థభేదాన్ని నిరూపించే వర్ణనిర్ణయ పద్ధతి తెలిసిన భాషాధ్యయనపరులకు ఈ తర్కం కొత్తది కాదు.

7. మందు తరువాత ఎవరు ముందు?

రసం పీల్చే పురుగు కనిపించగానే చేనంతా మందు కొడితే శత్రువు, మిత్రుడు ఇద్దరూ పడిపోతారు. తేడా వారు లేవడంలో ఉంది. పేనుబంక ఆడవి జత అక్కరలేకుండానే నేరుగా పిల్లలను కంటాయి. ఆ పిల్ల సుమారు వారం రోజులలో తానే తల్లి అవుతుంది. అల్లిక రెక్కల పురుగు గుడ్డు నుంచి మళ్ళీ గుడ్డు పెట్టే దాకా మూడు నాలుగు వారాలు పడుతుంది. పైగా తినడానికి ఎర లేని చేనులో తల్లి గుడ్డు పెట్టదు. కాబట్టి మొదట కోలుకునేది పేనుబంక. అది కోలుకునే నాటికి దాన్ని తినేది లేదు. మందు కొట్టిన పది పదిహేను రోజులకు చేను మునుపటికంటే ఎక్కువగా ముడుచుకుపోవడం రైతుకు అనుభవమే. మందు పనిచేయలేదనో, కల్తీదనో అనుకొని మరో మందు కొంటాడు. కల్తీలు ఉన్న మాట నిజమే. కానీ మంచి మందు కూడా ఈ లెక్కను తప్పించలేదు.

పత్తి లేతగా ఉన్నప్పుడు చేనంతా పిచికారీ చేయకుండా, అంతర్వాహిక మందును నీటిలో కలిపి కాండానికి పూసే పద్ధతిని తెలుగు రాష్ట్రాల వ్యవసాయ శాస్త్రవేత్తలు చాలాకాలంగా సూచిస్తున్నారు. మందు మొక్క రసంలో చేరి రసం పీల్చినదాన్ని తాకుతుంది. ఆకు మీద నడిచే వేటగాడి ఒంటి మీద పడదు. పనిమనుషుల కూలి ఎక్కువ కావడంవల్ల అది అంతగా వ్యాపించలేదు. పొలంబడులలో నేర్పే మరో మెలకువ లెక్కింపు. మొక్కమీది శత్రు పురుగులను, మిత్ర పురుగులను విడివిడిగా లెక్కించి, రెండు శత్రువులకు ఒక మిత్రుడు ఉంటే మందు జోలికి పోకుండా వేచి చూడాలంటారు. ఈ లెక్కంతా గుర్తుపట్టడం మీదే నిలబడింది. కొడవలి కోరల పిల్లను శత్రువుల ఖాతాలో వేసిన రైతుకు నిష్పత్తి తలకిందులవుతుంది.

తెలుగునేల మీద ఈ కుటుంబపు ప్రయోజనం ఇటీవల స్పష్టంగా కనిపించినది పత్తిలో కాదు, కొబ్బరిలో. 2016లో దక్షిణ భారతదేశంలో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ గోదావరి జిల్లాల కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటలను ముంచెత్తింది. నలభై అడుగుల చెట్టు ఆకు అడుగున ఉన్న పురుగుకు మందు కొట్టడం అయ్యే పని కాదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ‘డైకోక్రైసా ఆస్టర్’ అనే అల్లిక రెక్కల జాతిని పెంచి గుడ్లను రైతులకు అందించింది. ఈ కీటకాలను పెంచడం తేలిక కాదు. బియ్యపు చిలక గుడ్లు మేపాలి. పిల్లలు ఒకదాన్నొకటి తినకుండా విడదీసి ఉంచాలి. గుడ్లను కొని తెచ్చుకోవడం కొబ్బరితోటకు సాధ్యమైనా, ఆసిఫాబాద్ వర్షాధార పత్తికి చేనులో ఉన్నవాటిని నిలుపుకోవడమే చవకైన మార్గం.

8. వేటగాడికి పేరు

పద్దెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి ప్రకృతి పరిశోధకుడు రెయొమూర్ ఈ పిల్ల పురుగులకు ‘పేనుబంకల సింహాలు’ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషులోని ‘ఆఫిడ్ లయన్’కు మూలం అదే. అంటే ఆ భాషలలో ఒకే కీటకానికి రెండు పేర్లున్నాయి: ఎగిరేదానికి రెక్కను బట్టి, వేటాడేదానికి పనిని బట్టి. తెలుగులోకి మొదటిది మాత్రమే బాగా దిగింది. ఫలితంగా ‘అల్లిక రెక్కల పురుగు పేనుబంకను తింటుంది’ అని చదివిన రైతు చేనులో రెక్కలున్నదాని కోసం వెతుకుతాడు. అది పగలు కనిపించదు, కనిపించినా పేనుబంకను ముట్టదు. ‘అల్లిక రెక్కల పురుగు పిల్ల’ అనవచ్చు. అయితే అంత పొడవైన మాట చేనులో నిలబడదు. రైతు పెట్టుకున్న పేర్లన్నీ రెండు మూడు అక్షరాల ముక్కల కూర్పులే.

ఆసిఫాబాద్‌లో ఈ సమస్యకు మరో పొర ఉంది. కరపత్రం తెలుగులో ఉంటుంది. చేను గోండీలోనో కొలామీలోనో మాట్లాడుతుంది. గుట్టల మీది రైతులు ఈ కోరల పిల్లను ఏమని పిలుస్తారో, అసలు వేరుగా గుర్తిస్తారో లేదో చేనులోనే అడిగి నమోదు చేయవలసిన విషయం. వృత్తిపద సేకరణకు ఈ జిల్లాలో మిగిలి ఉన్న పని అదే. తెలుగు వరకు చూస్తే, సింహం ఇక్కడి అడవి జంతువు కాదు. మహారాష్ట్ర తడోబా నుంచి ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవులకు పులులు వచ్చిపోయే ఈ జిల్లాలో ‘బంకపులి’ అంటే అది ఏం చేస్తుందో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు.